సాంచాలు పోయిన షెడ్డు

పరమేశ్వర్ రాత్రి పాళీ చేసి వచ్చి పగలు పడుకున్నంతసేపు ఆ గదిలో కుక్కరు కూత పెట్టకూడదు. అందుకని నాగేశ్వరి అన్నం గంజి వార్చి వండేది. గిన్నె మీద మూత కూడా చప్పుడు కాకుండా తీసేది. సిరిసిల్ల నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, వలస వచ్చి ఉంటున్న గోడాదరాలో వాళ్లది ఒక్కటే గది. అందులోనే అత్త నర్సవ్వ మంచం, బిడ్డ లాస్య పుస్తకాలు, పొయ్యి, దేవుడి పటాలు. ఇంటిపని అయ్యాక నాగేశ్వరి చీరెల మూట తీసుకుని బయట మెట్ల మీద కూర్చుని, చీరెల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు దాటుకుని పోతుంటే మోకాళ్లు ముడుచుకునేది. నిద్ర లేచిన పరమేశ్వర్ "పొద్దంత మెట్ల మీద ముచ్చట్లు పెట్టుడే గదనే నీ పని" అంటూ చాయ్ అడిగేవాడు. మంచం మీది నుంచి నర్సవ్వ "ఆడిదానికి కూసోను జాగ దేనికి?" అనేది. నాగేశ్వరి నవ్వి ఊరుకునేది. కోపం రాక కాదు. వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

కరోనా వచ్చిన ఏడాది సాంచాలన్నీ బంద్ అయ్యాయి. పక్క గదుల వాళ్లు రైలు దొరికిన రోజే సిరిసిల్లకు పోయారు. నర్సవ్వ నడుము బాగాలేదని వీళ్లు ఉండిపోయారు. ఆ నెలల్లో పరమేశ్వర్ గోడకు ఆనుకుని కూర్చుని, నాగేశ్వరి నీళ్లు పట్టడం, బట్టలు ఉతకడం, అత్తకు నూనె రాసి స్నానం చేయించడం అన్నీ కళ్లారా చూశాడు. ఇప్పుడైనా తెలిసొస్తుందిలే అనుకుంది ఆమె. ఒకరోజు అతను చాలా సేపు చూసి, "నీకు ఊకె కూసునుడు అలవాటే లేదు గదా" అన్నాడు, అదేదో ఆమెకున్న చెడ్డ గుణమన్నట్టు.

అతను పనిచేసిన సాంచాల షెడ్డు వాళ్ల గల్లీ చివరే ఉంటుంది. దాని సేటు ఆ వానాకాలంలోనే కరోనాతో పోయాడు. సేటు భార్య హంసాబెన్‌కు పిల్లలు లేరు. దీపావళి నాటికి ఆమె సాంచాలన్నీ పాత ఇనుము కింద అమ్మేసింది. పరమేశ్వర్ దగ్గర్లోని డిండోలిలో వేరే షెడ్డులో చేరాడు. ఇక్కడ మిగిలింది నాలుగు గోడలు, రేకుల కప్పు, ఒక మూలన ఎవరూ కొనని డ్యామేజీ గుడ్డ గుట్ట.

తర్వాతి ఎండాకాలంలో రోగం మళ్లీ విరుచుకుపడింది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. తెలుగు సంఘం వాళ్లు తమ హాలులోనే రోగులను పెట్టారు. అక్కడ పరుపులు చాలక జనం ఒట్టి చాపల మీద పడుకున్నారని ఊరి నుంచి తిరిగొచ్చిన పక్కింటి కొమురవ్వ చెప్పింది. ఆ మాట నాగేశ్వరిని వదల్లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే వాళ్లమ్మ కప్పే బొంత గుర్తొచ్చింది. పాత చీరెలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత. ఆమెకు బొంత కుట్టడం వచ్చు. గుడ్డ ఎక్కడుందో తెలుసు. అడగడమే మిగిలింది. పెళ్లయినప్పటి నుంచీ తన కోసం ఎవరినీ ఏదీ అడిగింది లేదు. ఇది తన కోసం కాదు కదా అని ధైర్యం చెప్పుకుని హంసాబెన్ తలుపు కొట్టింది.

హంసాబెన్ గడపలోనే నిలబడి విన్నది. నాగేశ్వరి తనకొచ్చిన హిందీలో, చేతులతో కుట్టి చూపిస్తూ చెప్పింది. చివరికి హంసాబెన్ "గోదడీ?" అని అడిగింది.

"ఆఁ, గోదడీయే. మేము బొంత అంటం."

"మా అమ్మ కూడా కుట్టేది" అంది హంసాబెన్. లోపలికి పోయి తాళం చెవి తెచ్చి ఇచ్చింది. "గుడ్డ తీసుకుపో, బేటా. కానీ అంత గుడ్డ మీ గదిలో ఎక్కడ పరుస్తావు? అక్కడే కూర్చుని కుట్టుకో."

అక్కడే కూర్చుని! ఆ మాట నాగేశ్వరి ఇంటిదాకా నోట్లో నానబెట్టుకుంటూ వచ్చింది.

మర్నాడు ఆమె, కొమురవ్వ, కింది గదిలో ఉండే వినోద కలిసి షెడ్డు ఊడ్చారు. సాంచాలు బిగించిన చోట నేల మీద నూనె మరకలు ఎంత కడిగినా పోలేదు. రెండు తలుపులూ బార్లా తీసి, మూతులకు గుడ్డలు కట్టుకుని, దూరం దూరంగా కూర్చుని కుట్టారు. కరెంటు తీగలు వేలాడే ఇనుప పట్టీ ఒకటి కప్పు కింద అడ్డంగా ఉంటే, తీగలు తీయించి, దానికి చీరె కట్టి కొమురవ్వ తన పసిపాపకు తొట్టెల వేసింది. కాళ్లు చాపుకుని కూర్చున్న మొదటి రోజు నాగేశ్వరి మాటిమాటికీ కాళ్లు ముడుచుకుంది, ఎవరో దాటుకుని పోతారన్నట్టు. వినోద చూసి నవ్వింది. "చాపక్కా! ఇక్కడ ఎవ్వలు తొక్కరు."

మూడో నాలుగో బొంత కుడుతుండగా హంసాబెన్ ఒక సంచి తెచ్చింది. అందులో సేటు ధోవతులు, తెల్ల చొక్కాలు. "పెట్టెలో ఉంటే నేను రోజూ తీసి చూస్తున్నాను. ఎవరికైనా పనికి రానీ" అంది. నాగేశ్వరి ఆ ధోవతులను లోపలి పొరలో దాచి కుట్టకుండా పైనే వేసింది. హంసాబెన్ సూది అడిగి తీసుకుని ఒక అంచు తానే కుట్టింది.

ఆ బొంతల్లో ఒకదాని మీద పరమేశ్వర్ పడుకోవలసి వస్తుందని ఎవరనుకున్నారు! డిండోలి నుంచి జ్వరంతో వచ్చాడు. రెండు రోజులకే ఊపిరి ఆడలేదు. సంఘం హాలులో చేర్చుకున్నారు. నాగేశ్వరి పొద్దున డబ్బా ఇచ్చి, కిటికీలోంచి చూసి, నేరుగా షెడ్డుకు వచ్చి కూర్చునేది. చేతులు ఆగితే భయమేసేది. వినోద ఏమీ అడగకుండా సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. కొమురవ్వ వాళ్లింటి అన్నంలోంచి నర్సవ్వకూ లాస్యకూ పెట్టి వచ్చేది. నలుగురి ముందు పెళ్లి చేసుకున్న మనిషి దగ్గర ఇన్నేళ్లూ దొరకని ఆసరా ఈ రేకుల కింద దొరికిందే అనిపించి, ఒకరోజు కుడుతూ కుడుతూ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. అందుకూ ఆమెకు వాళ్ల మీద ప్రేమ పుట్టింది.

పరమేశ్వర్ బతికాడు. సగమై ఇంటికి వచ్చాడు. "ఆ బొంత మెత్తగ ఉండె" అన్నాడు, అంతే. ఆ మాటకే ఆమె కడుపు నిండింది. కృతజ్ఞత ఎంత చవకగా పుడుతుందో ఆడవాళ్లకు అని తర్వాత తనే అనుకుంది.

రోగం తగ్గాక కూడా ఆడవాళ్లు షెడ్డు వదల్లేదు. ఎవరి మూట వాళ్లు తెచ్చుకుని అక్కడే దారాలు కత్తిరించసాగారు. రెండో తొట్టెల కూడా వెలిసింది. ఒక చీరెల వ్యాపారి, పనంతా ఒక్కచోటే అవుతుంటే ఇంకా పంపిస్తానన్నాడు. హంసాబెన్ "నేనూ మీతో కూర్చుంటాను. కిరాయి కాగితం రాసుకుందాం" అంది. నాగేశ్వరి ఆ సంగతి ఇంట్లో చెప్పింది.

పరమేశ్వర్ లేచి కూర్చున్నాడు. "మంచిదాయె. రేపు సేటాణితోటి నేను మాట్లాడుత. కాయితం నా పేరు మీద రాయించుకుంట. వ్యాపారోళ్లతోటి ఆడోళ్లు ఏం మాట్లాడుతరు?" కోపంగా కాదు, మంచిగానే అన్నాడు. అదే కష్టం. ఎప్పటిలాగే 'నీ ఇష్టం' అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో మంచం మీది నుంచి నర్సవ్వ అంది, "పరమేశూ, మీ బాపు మగ్గం మీద కూసుంటె నేను బతుకంత నూలు కండెలు చుట్టిన్రా. ఒక్క పోగు నా చెయ్యి దాటకుండ పోలె. ఊరంత ఆయన్ను నేతగాడన్నరు. నన్ను నేతగాని పెండ్లామన్నరు." కోడలివైపు చెయ్యి చూపింది. "దానికన్న ఒక పేరుండనియ్."

నాగేశ్వరి అత్త ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లుగా తనను కుదురుగా కూర్చోనివ్వని ఆ ముసలామె కూడా ఎన్నడూ కూర్చోలేదని ఆ క్షణాన తెలిసింది. దగ్గరికి పోయి ఆమె పాదాల మీద చెయ్యి వేసింది. తర్వాత భర్తవైపు తిరిగింది.

"కాయితం నా పేరు మీదనే ఉంటది" అంది. "నువ్వు రా. ఫ్యాన్లు బిగించాలె, కరెంటు పని నీకే తెలుసు. వచ్చి మా తోటి పని చెయ్యి."

పరమేశ్వర్ షెడ్డు పొడవు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత "ఎన్ని ఫ్యాన్లు?" అని అడిగాడు.

నాగేశ్వరి పొయ్యి వెలిగించి, కుక్కరు ఎక్కించి, కూత పెట్టనిచ్చింది. మర్నాడు హంసాబెన్ తెచ్చిన కాగితాన్ని లాస్య పక్కన నిలబడి అక్షరం అక్షరం చదివి వినిపిస్తే, పెళ్లి పత్రిక నుంచి రేషను కార్డు దాకా మరొకరి పేరు పక్కనే ఉన్న తన పేరును దాని మీద, ఎవరి భార్య అనే మాట లేకుండా, తన చేత్తోనే రాసింది.