పదకొండో నంబరులో ఎవరూ లేరు

మా మామగారు త్సెంగ్ యావ్‌తాంగ్ చియాయీ నగరంలోని కుటుంబాల నమోదు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, సెక్షన్ అధికారిగా రిటైరయ్యారు. ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారు, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఇల్లు మారారు అన్నది రాసిపెట్టడం ఆయన ఉద్యోగం. ఎన్నికలు వస్తున్నాయంటే ఆయనకు ఉత్సాహం ఆగేది కాదు. ఓటు కోసం ఒకచోట పేరు రాయించుకుని మరోచోట కాపురం ఉండేవాళ్లను మావైపు దెయ్యం జనాభా అంటారు. అలాంటి దెయ్యాలను పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. రెండు గదుల ఇంట్లో నలభై ముగ్గురిని పట్టుకున్న సంగతి ఇప్పటికీ భోజనాల దగ్గర చెబుతారు, నలభై ముగ్గురి పేర్లతో సహా.

రిటైరయ్యాక రాసుకోవడానికి రిజిస్టరు లేక చిక్కిపోతున్న మనిషికి ఇంట్లో రూటర్ దొరికింది.

వైఫై వాడే ప్రతి వస్తువుకూ రూటర్ ఒక నంబరు ఇస్తుంది. మామూలుగా ఎవరొస్తే వాళ్లకు ఖాళీగా ఉన్నది ఇచ్చేస్తుంది. కావాలంటే ఫలానా వస్తువుకు ఎప్పుడూ ఫలానా నంబరే అని రిజర్వు చేసిపెట్టవచ్చు. ఈ సంగతి తెలిసిన రోజు మామగారు ముందున్న ఊలాంగ్ టీ ముట్టుకోలేదు.

"అయితే ఇన్నాళ్లూ మనింట్లో వస్తువులన్నీ నమోదు లేకుండానే బతికేస్తున్నాయన్నమాట!" అన్నారు.

మర్నాటికల్లా అన్నిటికీ నంబర్లు పడ్డాయి. ఒకటి రూటర్‌ది. ఆయన కంప్యూటరుకు రెండు, ఆయన ఫోనుకు మూడు. నాలుగు ఎవరికీ ఇవ్వలేదు. మా భాషలో పలికితే చావు అన్నట్టు వినిపించే అంకెను ఇంట్లో ఎవరికి అంటగడతాం? అత్తగారి ఫోనుకు ఐదు. అలా వెళ్లి వెళ్లి ప్రింటరుకు పదకొండు. ప్రతి వస్తువునూ తిరగేసి, వెనక ఫ్యాక్టరీవాళ్లు అంటించిన చీటీ మీది పొడుగాటి గుర్తింపు సంఖ్యను భూతద్దంతో చదివి, నల్ల అట్ట పుస్తకంలో ఎక్కించి, పక్కన తన ముద్ర వేసుకున్నారు. అన్నం కుక్కరుకు వైఫై లేదని తెలిసి కాస్త నొచ్చుకున్నారు కూడా.

వీటన్నిటిలో ప్రింటరంటే ఆయనకు ప్రాణం. వాళ్ల అపార్టుమెంటు కమిటీకి ఆయనే ఛైర్మన్. మెట్ల మీద చెప్పులు విడవరాదు, బాల్కనీలో తడిబట్టలు పిండకుండా ఆరేయరాదు, లిఫ్టులో కంపుకొట్టే టోఫు పొట్లాలు తేరాదు అంటూ వారానికి మూడు నోటీసులైనా అంటించేవారు. మూడో అంతస్తులో ఉండే పెంగ్ కుయీషెంగ్, కొండ రైలు నడిపి రిటైరైన మనిషి, ఆ నోటీసుల్లో అక్షరదోషాలు ఎర్రపెన్నుతో దిద్ది తిరిగి అక్కడే అంటించేవాడు. ఇద్దరికీ అంతంతమాత్రం.

వసంతంలో ప్రింటరు మొరాయించడం మొదలుపెట్టింది. ఫోను నుంచి పంపితే అచ్చువేసేది, కంప్యూటరు నుంచి పంపితే కదిలేది కాదు. మామగారు రూటర్ పట్టిక తెరిచి చూస్తే అందులో ముక్కూమొహం తెలియనిది ఒకటి కనిపించింది. పేరు లేదు, ఏవో అక్షరాలూ అంకెలూ. సోమవారం పద్నాలుగులో ఉంది, బుధవారం ఇరవైలో ఉంది, శుక్రవారం మళ్లీ ఇంకెక్కడో.

"తెలిసిపోయింది. మన వైఫై ఎవడో దొంగతనంగా వాడుతున్నాడు. దొరక్కుండా ఇళ్లు మారుతున్నాడు," అన్నారాయన. ఆ ఎవడో ఎవరన్నది ఆయనకు అప్పటికే తెలుసు.

ఆ గుర్తింపు సంఖ్యను రూటర్‌లో నిషేధించేశారు. ఆ క్షణం నుంచి ప్రింటరు పూర్తిగా మూగబోయింది. దాంతో ఆయన అనుమానం రుజువైపోయింది: దారి మూసేశామని కక్షగట్టి, పెంగ్ ప్రింటరును పాడుచేశాడు! "మూడో అంతస్తు నివాసి అక్రమంగా అంతర్జాలం వాడుట గురించి" అని నోటీసు టైపు చేసి ఇరవై ప్రతులకు ఆజ్ఞ ఇచ్చారు. ఒక్కటీ రాలేదు. మళ్లీ నొక్కారు. ఇంకా రాకపోతే ఇంకోసారి నొక్కారు. చివరికి కుంచె, సిరా తీసి చేత్తో రాసి లిఫ్టులో అంటించి, ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిపించారు.

నేను ఊళ్లో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటాను. పెళ్లయి పదేళ్లయినా మామగారు నన్ను రూటర్ దగ్గరికి రానివ్వలేదు. కంప్యూటరు మనుషులకు రిజిస్టరు రాయడం రాదని ఆయన నమ్మకం.

నేను వెళ్లేసరికి అత్తగారు ష్యూఛిన్ టర్కీ కోడి మాంసం వేసిన అన్నం గిన్నె నా చేతిలో పెట్టి, "తిని వెళ్లవయ్యా లోపలికి. అక్కడికి వెళ్తే ఇక విచారణే," అన్నారు.

తిన్నాను. తర్వాత నల్ల పుస్తకం, రూటర్ పట్టిక పక్కపక్కన పెట్టుకుని చూశాను.

"మామయ్యా, పదకొండో నంబరులో ఎవరూ లేరు."

"ఎందుకు లేరు? ప్రింటరు ఉంది. నా చేత్తో నేనే నమోదు చేశాను."

"నమోదైతే అయింది. కాపురం మాత్రం అక్కడ లేదు."

ఆయన మొహం గంభీరమైంది. ఆ మాట ఆయన ఎంతమందిని అని ఉంటారో!

ప్రింటరు ఎక్కడని అడిగితే అత్తగారు వెనకగది చూపించారు. తన మహ్‌జాంగ్ పలకల ఆట బల్లకు చోటు చాలక, చాంద్రమాన కొత్త సంవత్సరం వెళ్లగానే దాన్ని చదువుకునే గదిలోంచి అక్కడికి జరిపారట. దాన్ని తిరగేసి చూశాను. చీటీ మీద ఒకటి కాదు, రెండు గుర్తింపు సంఖ్యలున్నాయి. తీగ పెట్టి కలిపితే ఒకటి, వైఫై మీద కలిపితే వేరొకటి. మామగారు రాసుకున్నది తీగది.

"అత్తయ్యా, దీని తీగ ఏమైంది?"

"వెనకగది దాకా అందలేదు. పీకేసి, దాని మీదొక బటనూ రూటర్ మీదొక బటనూ నొక్కితే వైఫైకి అదే కలిసింది. రెండు నిమిషాల పని. ఆ రోజు చేపతల కూర తింటున్నప్పుడు ఈయనకు చెప్పాను కూడా."

"నోటిమాట చెల్లదు. చిరునామా మారితే ముప్పై రోజుల్లో మార్పు నమోదు చేయించాలి," అన్నారు మామగారు.

"ప్రింటరు జరపడానికి కూడా దరఖాస్తు పెట్టాలా సెక్షన్ అధికారి గారూ? ఫొటోలు ఎన్ని జతచేయాలి?"

నేను పట్టికలో మామగారు నిషేధించిన దొంగ సంఖ్యను, ప్రింటరు చీటీ మీది రెండో సంఖ్యను చూపించాను. ఆయన భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం పోల్చారు. మళ్లీ మొదటినుంచి పోల్చారు. రెండూ ఒకటే. రిజర్వు చేసిన చోటు ఖాళీగా పడి ఉంటే, ప్రింటరు వైఫై మీద కొత్త మొహంతో వచ్చి, ఆపి మళ్లీ వేసినప్పుడల్లా దొరికిన నంబరు తీసుకుని తిరుగుతోంది. ఫోను దాన్ని ఎక్కడున్నా వెతికి పట్టుకుంటోంది గానీ, కంప్యూటరేమో కాగితాలన్నీ పదకొండుకే పంపుతోంది. దొంగ అనుకుని ఆయన ఇంట్లోంచి గెంటేసింది ఆ ప్రింటరునే.

"అంటే నా ఇంట్లో... నా రిజిస్టరులో..." అన్నారు. దెయ్యం అన్న మాట ఆయన నోటికి రాలేదు.

"ఒక్కటే కదండీ. నలభై ముగ్గురు కాదుగా," అన్నారు అత్తగారు.

నేను నిషేధం ఎత్తేసి, పదకొండో నంబరును వైఫై సంఖ్యకు రిజర్వు చేస్తుండగా తలుపు చప్పుడైంది. పెంగ్ గారు. చేతిలో లిఫ్టులోంచి పీకిన నోటీసు, అప్పటికే రెండుచోట్ల ఎర్రపెన్ను గీతలు.

"ఛైర్మన్ గారూ, నేను దొంగనా? మా ఇంట్లో మీకంటే వేగమైన లైనుంది! పైగా 'అక్రమంగా' అన్నది కూడా తప్పు రాశారు!"

"కూర్చోండి పెంగ్ గారూ, టీ తాగుదురుగాని," అంటూ అత్తగారు ఆయనను తెచ్చి వెనకగదిలోనే ప్రింటరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మామగారు చిన్నగా దగ్గి, విచారణ ఇంకా సాగుతోందని, ఆధారాలు పరిశీలనలో ఉన్నాయని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే నేను ప్రింటరును ఆపి మళ్లీ వేశాను.

అది లేచింది, పదకొండో నంబరు తీసుకుంది. మామగారు నొక్కిన నాటి నుంచి దాని కోసం కాచుకున్న కాగితాలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. మూడో అంతస్తు నివాసి, మూడో అంతస్తు నివాసి, మూడో అంతస్తు నివాసి. మామగారు ఆపే బటను కోసం తడుముకున్నారు. దొరకలేదు. పెంగ్ గారు మొదటి కాగితం అందుకుని చదివారు, రెండోది చదివారు, ఆ తర్వాత మిగతావి వచ్చినవి వచ్చినట్టు ఒళ్లో పేర్చుకున్నారు. అరవై వచ్చాక కాగితం అయిపోయింది.

నేను చూస్తుండగానే మామగారి చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఒక్క తప్పు నమోదు లేదని వీడ్కోలు సభలో ఆయనకు ఫలకం ఇచ్చారు. ఇప్పుడు ఆయన పెంగ్ ముందు నిలబడి, రెండు చేతులూ ప్యాంటు పక్క కుట్లకు ఆనించుకున్నారు.

"పెంగ్ గారూ," అన్నారు, "దొంగ మా ప్రింటరు. మీరు కాదు. పొరపాటు కార్యాలయానిది."

"కార్యాలయమంటే ఎవరు?"

మామగారు భూతద్దం జేబులో పెట్టుకుని, "నేనే," అన్నారు.

పెంగ్ గారు టీ చివరిదాకా తాగి, కప్పు కింద పెట్టారు. "నోటిమాట చెల్లదంటారు కదా మీరు. లిఖితపూర్వకంగా కావాలి."

మామగారు నిట్టూర్చి, కొత్త కాగితాల కట్ట విప్పి ప్రింటరులో పెట్టారు.

"ఎన్ని ప్రతులు?" అని అడిగారు.