జనరేటర్ వద్దన్న కమిషనర్

చింతలపేటకు కంప్యూటర్ వచ్చిన రెండేళ్లకే ఊళ్లో సగం మంది దొంగలని తేలింది. తేల్చింది కంప్యూటరే.

ఆ ఊరి మరమగ్గాల సహకార సంఘం నేతవాళ్లకు నూలు తూచి ఇస్తుంది, వాళ్లు బట్ట నేసి తెచ్చిస్తారు. ఎవరికెంత ఇచ్చిందీ 1992 దాకా గుమాస్తా రాసేవాడు. ఆ తరువాత హైదరాబాద్ కంపెనీ ఒకటి పెట్టిన కంప్యూటర్ రాయసాగింది. దాని లెక్కలో ఇచ్చిన నూలుకు తగ్గ బట్ట ఎవరూ తేలేదు, ప్రతివాడి దగ్గరా నూలు తరుగే. మగ్గాలు జప్తు చేస్తామని సంఘం నోటీసులిచ్చింది. వంద మందికి పైగా నేతవాళ్లు ఏకమై సంఘం మీదా, కంపెనీ మీదా కరీంనగర్ కోర్టులో ఒకే దావా వేశారు. ఎవరికీ చెందని మనిషి ఆ యంత్రాన్ని పరీక్షించాలని చెప్పి, జడ్జిగారు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే విద్యాసాగర్‌రావును కమిషనర్‌గా వేశారు.

'ఎవరికీ చెందని' అన్న మాట విద్యాసాగర్‌రావు తలకెక్కింది. ఆయన ఇంట్లోనూ అంతేనని, ఏ పనికీ అందడని భార్య దేవకి అన్నది. అయినా పెరుగన్నం కట్టి ఇచ్చింది.

సంఘం అధ్యక్షుడు మొండయ్య పంపిన జీపు వద్దని ఆయన ఆర్టీసీ బస్సులో దిగాడు. బస్టాండులో నేతవాళ్లు దండ పట్టుకొస్తే దండమూ వద్దు, దండా వద్దన్నాడు. మధ్యాహ్నానికి పెరుగన్నం పులిసి కూర్చుంది. హోటలుకు పోదామంటే అది మొండయ్య బావమరిదిది. ఎదుటి చాయ్ దుకాణం దావా వేసినవాళ్లలో ఒకరిది. చివరికి అరటిపండ్ల గంప దగ్గర ఆగి, కేసుతో సంబంధమేమైనా ఉందా అని పండ్లమ్మే లస్మవ్వను అడిగాడు.

"ఎందుకు లేదు సారూ, మా ఇంట్ల రెండు మగ్గాలున్నయి" అన్నది ఆమె గర్వంగా.

కంప్యూటర్ గది ముందు చెప్పులు విప్పించారు. యంత్రానికి కుంకుమ బొట్టు, పైన బంతిపూలు. ఆన్ చేసే ముందు మొండయ్య కొబ్బరికాయ కొట్టి ఒక ముక్క చేతిలో పెట్టాడు. విద్యాసాగర్‌రావు ఇరకాటంలో పడ్డాడు. దేవుడు ఏ పక్షమూ కాదు, కానీ కాయ సంఘానిది. ఆకలి తీర్పు చెప్పింది. తిని, తిన్నట్టు కాగితం మీద రాసుకున్నాడు.

ఆ రోజు, మర్నాడు ఎన్ని లెక్కలు కొట్టించినా కంప్యూటర్ తప్పు చేయలేదు. కంపెనీ ఇంజనీరు చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు. నేతవాళ్ల తరఫున గుమ్మంలో నిలబడ్డ అనసూర్య ముఖం చిన్నబోయింది. సాయంత్రం బయటికి వస్తే గోడ అవతల ఏదో దడదడలాడుతోంది. అదేమిటని అడిగాడు.

"జనరేటర్ సారూ. టాకీసు కాడికెల్లి కిరాయికి తెప్పించిన. కరెంటు పోతే మీరు పరేషాన్ అయితరు గదా" అన్నాడు మొండయ్య. కంపెనీవాళ్లు వచ్చి చూసిపోయినప్పుడల్లా అలాగే తెప్పించానని కూడా చెప్పాడు.

"కిరాయి ఎవరిది?"

"సంఘందే."

అయితే అది కూడా మీ జీపు లాంటిదేనన్నాడు విద్యాసాగర్‌రావు. మొండయ్య ఎంత బతిమాలినా వినకుండా జనరేటర్ వెనక్కి పంపించాడు. అందులో ఆయన యుక్తి ఏమీ లేదు, ఉన్నది పట్టుదలే.

మర్నాడు అనసూర్య ఒప్పుకోలుతో, ఆమె పేరిట ఉత్తుత్తిగా ఒక నూలు కట్ట రాయమన్నాడు. ఆపరేటర్ హనుమంతు కొడుతుండగా కరెంటు పోయింది. తెర నల్లబడింది. వేసవి ఉక్కలో అందరూ ఫైలు అట్టలతో విసురుకుంటూ కూర్చున్నారు. కరెంటు రాగానే హనుమంతు మళ్లీ అదే పద్దు కొట్టాడు.

ఏం చేస్తున్నావని విద్యాసాగర్‌రావు అడిగాడు.

"మల్ల కొడుతున్న సార్. కరెంటు పోతే ఆఖరుది మల్ల కొట్టుమని తెరమీదనే వస్తది. ఎండకాలమైతే రోజంతా గిదే పని."

ఖాతా తెరిపిస్తే అనసూర్య పేరిట రెండు కట్టలున్నాయి. ఆ ప్రోగ్రాం నూలును ముందు మనిషి పేరిట రాస్తుంది, తరువాత గోదాములో తగ్గిస్తుంది. ఆ రెండింటి మధ్య కరెంటు పోతే మనిషి పేరిట రాసింది అలాగే ఉండిపోతుంది, మళ్లీ కొడితే ఇంకోసారి ఎక్కుతుంది.

"ఒక్క పోగు ముట్టలే. గప్పుడే రెండు కట్టలు మింగిన్నా?" అన్నది అనసూర్య.

ఇంజనీరు చిరునవ్వు ఆగిపోయింది. విద్యాసాగర్‌రావు అందరి పద్దులూ కూడించాడు. ఇంతకాలం ఎవరి తరుగు వాళ్లకు చూపారే తప్ప ఎవరూ కూడి చూడలేదు. నేతవాళ్లకు ఇచ్చినట్టు రాసిన నూలు మొత్తం కలిపితే, సంఘం పుట్టాక కొన్నదానికన్నా ఎక్కువ. ఊళ్లోకి రాని నూలును కూడా నేతవాళ్లు దొంగిలించారన్నమాట.

కోర్టులో కంపెనీ వకీలుకు ఆ లెక్క మీద అడగడానికి ఏమీ దొరకలేదు. కొబ్బరి దొరికింది. ప్రతివాది చేతి ముక్క తిన్న మనిషి నిష్పాక్షికుడెలా అవుతాడని నిలదీశాడు. తిన్నానని, రిపోర్టులో రాశానని విద్యాసాగర్‌రావు చెమటలు కక్కుతూ ఒప్పుకున్నాడు. జడ్జిగారు కాగితాలు తిప్పి చూసి, కొబ్బరి ఇచ్చినవాళ్లే ఓడిపోతున్నారు కదా, మీకు అభ్యంతరమేమిటని వకీలునే అడిగారు. కోర్టు హాలంతా నవ్వింది.

నోటీసులు రద్దయ్యాయి. ప్రోగ్రాం సరిచేయాల్సిన భారం కంపెనీ మీద పడింది. సంఘం సమావేశానికి సభ్యులు విద్యాసాగర్‌రావును పిలిపించారు. చాలామంది ఆ యంత్రాన్ని చెరువులో పారేయాలన్నారు. అనసూర్య ఒప్పుకోలేదు.

"గుమాస్తా సుత తప్పు రాసెటోడు. ఎందుకు రాసినవని అడిగితే మీదికొచ్చెటోడు. గిది ఎన్నిసార్లు అడిగినా కోపం చెయ్యదు. ఉండనియ్యుండ్రి. గని ఎవరి పద్దు వాళ్లు తెరమీద చూసినంకనే కట్ట లేపాలె."

ఆ మాటే తీర్మానమైంది. మరుసటి నూలు పంపకం నాడు చెప్పులు గది ముందు నుంచి బజారు దాకా పరుచుకున్నాయి. చదువు రానివాళ్లు కూడా తెరకు ముఖం ఆనించి, తలకాయ ఊపే దాకా కదల్లేదు. అక్షరం అక్షరం చదివి వినిపించే పని, ప్రోగ్రాం సరిచేయడానికి వచ్చిన కంపెనీ ఇంజనీరు మీద పడింది. చీకటి పడేసరికి అతని గొంతు పూర్తిగా పోయింది.