కిరీటం గుచ్చిన పైకప్పు

నేను ఒక అంబాసిడర్ కారును. కలకత్తా దగ్గర పుట్టి, గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి ఇంట కొన్నాళ్లు దర్జాగా తిరిగి, ఆయన మనసు కొత్త కారు మీదికి మళ్లాక తెనాలి పానకాలరావుగారి చేతికి వచ్చాను. వ్యాపారి నన్ను రోజూ తుడిపించేవాడు కానీ ఏనాడూ నాలో కూర్చుని ఒక్క పాట పాడలేదు. పానకాలరావుగారు తుడిచేవారు కాదు, దారి పొడుగునా పద్యాలు పాడేవారు. నాకు రెండోదే బాగుండేది.

ఆయన పౌరాణిక నాటకాల్లో కృష్ణుడు. మా వైపు ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు, ఒక్కో రంగానికి ఒకరు. అందుకని ఆయన ఒక ఊళ్లో మొదటి కృష్ణుడిగా పాడేసి, వేషం తీయకుండానే నన్ను తోలుకుంటూ ఇంకో ఊరికి రెండో కృష్ణుడిగా వెళ్లేవారు. కిరీటం విప్పితే మళ్లీ కట్టుకోవడానికి బోలెడు సేపు పడుతుందని దాన్ని తల మీదే ఉంచుకునేవారు. నెమలి ఈకను మాత్రం తీసి పక్కన కూర్చున్న చిన్నారి కూతురు హైమ చేతికిచ్చేవారు. గతుకు వచ్చినప్పుడల్లా కిరీటం మొన నా పైకప్పు గుడ్డలో దిగేది. హైమ పకపకా నవ్వేది. రైల్వే గేటు దగ్గర జనం దేవుడికి దండాలు పెట్టేవారు, గేటు మాత్రం ఎత్తేవారు కాదు.

మొన్న వేసవిలో ఆయన పోయారు. ఇల్లు హైమ వాళ్ల అన్నకు, నేను హైమకు వాటాగా వచ్చాం. అప్పటికి నా ఇంజను పొగ తప్ప ఇంకేమీ ఇవ్వడం లేదు. చుట్టాలంతా సలహాలకు దిగారు. తెల్లరంగు వేయించి పెళ్లిళ్లకు అద్దెకు తిప్పమని ఒకరు, ఏసీ పెట్టించమని ఇంకొకరు. బడిపంతులమ్మగా హైమకొచ్చే జీతంలో ఏదో ఒక్క పనే కుదురుతుందని ఎవరికీ తట్టలేదు. ఒక సాయంత్రం హైమ నాలో కూర్చుని పైకప్పు చిల్లుల్ని వేలితో తడిమింది. తండ్రి గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఫొటోల్లో వేషమే తప్ప మనిషి లేడు. ఆమెకు ఆయన మిగిల్చిన గుర్తులు ఆ చిల్లులే. ఇంజను బాగుచేయించాలి, మిగతాదేదీ ముట్టుకోనివ్వకూడదు అని నిశ్చయించుకుంది.

మెకానిక్ బాజీ నా చుట్టూ ఓసారి తిరిగి, పైకప్పు గుడ్డ బాగా పాడైంది, మార్చేద్దామా అని అడిగాడు. హైమ పైకప్పు వైపు చూసింది. అవి మా నాన్న కిరీటం చేసిన చిల్లులని షెడ్డులో అందరి మధ్యా నిలబడి ఎలా చెబుతుంది? చెబితే ఏడుపొస్తుందని భయం.

“వద్దులే బాజీ. ఇప్పుడు అంత డబ్బు లేదు,” అంది.

మనుషులు ఇంతే. దుఃఖం ఉందని చెప్పడానికి సిగ్గుపడి, డబ్బు లేదని చెప్పేస్తారు. నాకు నోరుంటే అక్కడే అసలు సంగతి చెప్పేసేదాన్ని. ఉన్నది హారన్ ఒక్కటే, అదీ ఆ రోజు పలకలేదు.

ఇంజను కుదిరింది. హైమ వచ్చిన రోజు బాజీ ముఖం వెలిగిపోతోంది. తలుపు తీసి కూర్చోమన్నాడు. ఆమె కూర్చుని తలెత్తి చూసింది. పైకప్పు తెల్లగా, బిగుతుగా, ఒక్క చిల్లు లేకుండా ఉంది.

“మీ నాన్నగారి పద్యం వినడానికి పొలాలకడ్డంబడి పోయేవోణ్ణక్కా. ఆయన బండి చినిగిన గుడ్డతో ఉంటే మనసొప్పలేదు. దీనికి డబ్బులేం ఇవ్వమాకండి,” అన్నాడు.

పాత గుడ్డ ఏమైందని ఆమె మెల్లగా అడిగింది. దాంతో నూనె చేతులు తుడుచుకుని చెత్తబండిలో వేశామన్నాడు. నాకు అతణ్ణి తిడదామన్నా నోరు రాదు. పాపం, ఆ పెద్దాయన మీద ప్రేమతోనే చేశాడు.

“చాలా బాగుంది బాజీ,” అంది హైమ.

ఊరు దాటాక కాలవగట్టు మీద నన్ను ఆపింది. కిరీటం తగిలే చోటు ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. అక్కడ బొటనవేలి గోరు ఆనించి గట్టిగా నొక్కింది. చించేస్తుందేమో అనుకున్నాను. చించితే బాగుండుననీ అనుకున్నాను. కానీ అది బాజీ కష్టార్జితం. చేయి వెనక్కి తీసుకుని, స్టీరింగు మీద తల ఆన్చి చాలాసేపు ఏడ్చింది.

కొత్త గుడ్డ మీద ఆమె గోటి నొక్కు ఇంకా ఉంది. ఇంజను బాగానే లాగుతోంది. గతుకులకేం, వస్తూనే ఉంటాయి. పైకప్పుకు తగిలేవాళ్లే లేరు.