నా సంచిలో నూనె కాగితాలు

నా మనవరాలిని గుండుసూది అని పిలుస్తాను. తల పెద్దది, ఒళ్లు సన్నం. అలాంటి పిల్లకి కడుపు వెనకాల ఉండే క్లోమం వాచి ఆస్పత్రి మంచం ఎక్కితే ఇంకేం మిగులుతుంది? కోడలు చంటిబిడ్డతో ఇంట్లో ఉండిపోయింది. పగలంతా నేను, సాయంత్రం నుంచి మా అబ్బాయి పిల్ల దగ్గర ఉండేవాళ్లం.

"పస్తు పెట్టకండి," అంది డాక్టరమ్మ. "ఒంట్లో బలం లేకపోతే కోలుకోవడం ఆలస్యమవుతుంది. మెత్తగా పెట్టండి, నూనె మాత్రం తగలకూడదు. బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే."

గొట్టం మాట వినగానే పిల్ల నా కొంగు పట్టుకుంది. ఉడికించిన బంగాళదుంప మెదిపి, కబుర్లు చెబుతూ నేనే తినిపించాను. ఇంకొకరి చేత్తో ఆ మహాతల్లి తినదు. నాలుగు ముద్దలు పడేసరికి మొహం తేటపడింది.

నా గుడ్డసంచి మంచం కిందే వదిలి ఇంటికి వెళ్లేదాన్ని. ఓ పొద్దున వెళ్లేసరికి పిల్ల నొప్పితో మెలికలు తిరుగుతోంది. తువ్వాలు కోసం సిస్టర్ నా సంచి తెరిచింది. నూనె పీల్చిన కాగితాలు ఉండలుగా బయటపడ్డాయి.

"ముద్దొస్తే ముద్దు పెట్టుకోవాలిగాని వేపుళ్లు పెడతారా పెద్దమ్మా?"

"నేను పెట్టలేదమ్మా."

"సంచి మీదేగా?"

మా అబ్బాయి వంక చూశాను. వాడు కిటికీ వంక చూశాడు.

"అమ్మకి తెలీదు సిస్టర్. ప్రేమ ఎక్కువ," అన్నాడు.

ఇక లోపలికి రావద్దన్నారు. వాడూ నమ్మేశాడే అని ఏడ్చాను. పక్క మంచం ఆవిడని కూడా అనుమానించాను, పాపం.

నేను లేకపోతే గుండుసూది నోరు తెరవలేదు. బరువు తగ్గింది. గొట్టం సిద్ధం చేస్తున్నారని వాడే ఫోన్ చేసి రమ్మన్నాడు.

"ఈ పూట తింటే సరే," అంది సిస్టర్. "సంచి మాత్రం బయటే పెట్టండి."

తలుపు పక్కన పెట్టాను, దొంగసొత్తులాగా.

మొదటి ముద్ద మింగి పిల్ల నా చెవిలో అంది: "నాన్న చిప్స్ తెచ్చాడు నాన్నమ్మా. కాగితాల్లో పెట్టి నూనంతా ఒత్తేశాడు. అయినా నొప్పొచ్చింది. నీకు చెప్పొద్దన్నాడు."

వాడు మంచం కాళ్ల దగ్గరే ఉన్నాడు. విన్నాడు.

"వెళ్లి సిస్టర్‌కి చెప్పరా," అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా? నిన్ను రానిచ్చారు కదా. నేనే పెట్టానని చెబితే నన్ను రానివ్వరు."

"అదీ నిజమేలే. నేనైతే బయట కూర్చోవడానికి అలవాటు పడ్డాను."

గిన్నె ఖాళీ అయ్యేదాకా తినిపించాను. సిస్టర్ గొట్టం తీసుకుపోయింది.

బయటికొచ్చాక ఎప్పటిలాగే వాడు నా సంచి అందుకోబోయాడు, బరువని. నేను ఇవ్వలేదు. రెండో భుజానికి మార్చుకుని నడిచాను.