డబ్బాలో మిగిలిన గోళీలు

ఎంత పెద్ద రోగమైనా నా బిస్కెట్ డబ్బా ముందు మూడు రోజులు నిలబడదు. మాదాపూర్‌లో మా హాస్టల్ ఉన్న సందులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. జ్వరమో దగ్గో తగ్గగానే మిగిలిన గోళీలన్నీ ఆ డబ్బాలో పడేయడం మా హాస్టల్ ఆచారం. తర్వాత ఎవరికి ఏమొచ్చినా నేనే రంగు చూసి తీసిస్తాను. నాలుగేళ్లలో నా చేతిమీదుగా పదివేల మంది బతికారు. హాస్టల్‌లో ఉండేది నలభై మందే, అది వేరే సంగతి.

అలాంటి నాకు మూత్రానికి వెళ్తే మంట మొదలైంది. ఆఫీసు వాళ్లతో గోవా వెళ్లొచ్చిన ఐదో రోజు. డబ్బాలోంచి తెల్లవి మూడు రోజులు వేసుకున్నాను, గులాబీ రంగువి రెండు రోజులు. మంట తగ్గకపోగా చీము మొదలైంది. ఆఫీసు బాత్రూంలో గోడ పట్టుకుని నిలబడితే, జీవితంలో మొదటిసారి ఏ జోకూ తట్టలేదు.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక చిన్న క్లినిక్‌కి పోయాను. డాక్టర్ జాయ్స్‌కి యాభై దాటి ఉంటాయి. పేరు అడిగితే మా రూమ్మేట్ పేరు చెప్పాను. మింగిన గోళీలు మాత్రం రెండు రకాలూ చూపించాను.

"మీతో సంబంధం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా దినేశ్ గారూ? వాళ్లకీ వైద్యం చేయాలండి."

"ఎవ్వరు లేరు మేడం. పుట్టినప్పటి నుంచి బ్రహ్మచారిని."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి శాంపిల్ తీసుకుంది. ఇంజెక్షన్ ఇవాళే వేస్తానంది. ఆ సూది నా కంటికి తాటిచెట్టంత కనబడింది. ఆఫీసు కాల్ ఉందని చెప్పి పారిపోయాను.

నాలుగు రోజులకు క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మన్నారు.

"గనేరియా అండి, సెగరోగం," అంది డాక్టర్, కాగితం నా వైపు తిప్పి. "మీరు మింగిన రెండు రకాలనూ ఈ క్రిమి లెక్కచేయట్లేదు."

"ఇంకో రంగు వేసుకుంట మేడం."

"రంగులు అయిపోయాయండి. మిగిలింది మీరు పారిపోయిన ఇంజెక్షనే. ఇప్పటికైతే పనిచేస్తోంది. కొన్నిచోట్ల ఈ క్రిమి దానికీ లొంగడం మానేస్తోంది. ఆడవాళ్లకైతే చాలాసార్లు పైకేమీ తెలియదు. పొత్తికడుపులో నొప్పి వచ్చేదాకా పట్టించుకోరు. వదిలేస్తే పిల్లలు పుట్టడమే కష్టమవుతుంది."

ఏసీ గదిలో నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. హర్షిణి గుర్తొచ్చింది. రెండేళ్లుగా మేమిద్దరం కలిసి తిరుగుతున్నాం. కొండాపూర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉంటుంది. మెస్ సాంబారు పడలేదని, రెండు రోజులుగా పొత్తికడుపులో నొప్పని నిన్ననే చెప్పింది. దవాఖానకు పోతానంటే వద్దని, డబ్బాలోంచి ఆరు తెల్ల గోళీలు తీసి బైక్ డెలివరీ మనిషితో పంపాను.

"ఇప్పుడు చెప్పండి. ఎవరూ లేరా?"

"లేరు మేడం."

"దినేశ్ గారికి లేకపోవచ్చండి. ఓంకార్ గారికి?"

కిందికి చూసుకున్నాను. మెడలో ఆఫీసు ఐడీ కార్డు. నా ఫోటో, దాని కింద గుమ్మడికాయంత అక్షరాలతో నా పేరు. స్నానానికి తప్ప తీయని కార్డు. మొదటి రోజూ అదే వేసుకుని వచ్చాను.

డాక్టర్ టేబుల్ మీదున్న నా ఫోన్‌ని వేలితో నా వైపు జరిపింది. హర్షిణికి కలిపాను.

"ఏంది, మీటింగ్ లేదా?" అంది హర్షిణి.

"నొప్పి తగ్గిందా?"

"ఏడ తగ్గింది. జ్వరం గూడ షురువైంది. నీ గోళీలు ఉత్తయే."

"జర ఇను. ఇప్పుడే కొత్తగూడ క్లినిక్‌కు రా. నాకో రోగమొచ్చింది. నీకు గూడ వచ్చుంటది."

"ఇగ మొదలువెట్టినవా. మొన్న కుక్క కరిచిందని నన్ను ఏడిపించినవ్. ఈసారి ఏం రోగమో చెప్పు, నవ్వుత."

"నవ్వకు హర్షిణీ. గనేరియా. గోవాల తెచ్చుకున్న. నీకు చెప్పలే."

డాక్టర్ కిటికీ వైపు తిరిగింది.

"నీ నొప్పి సాంబారుతోని గాదు, నాతోని వచ్చింది. ఆ గోళీలు నాకు గూడ పనిచెయ్యలే. అది ఎరికె ఉండే నీకు పంపిన. నువ్వు దవాఖానకు పోతే నేను దొరుకుత అని."