మంచు మోసేవాళ్ళు మాట్లాడకూడదు

రేపు తకీ మంచు మోయాలంటే ఇవాళ వాళ్ళమ్మ సరేననాలి. అది ఊరి కట్టుబాటు. ఆ మాట ఇంట్లో కూర్చుని అంటే చెల్లదు. సరస్సు దాకా వచ్చి, దోసెడు నీళ్ళు తాగి అనాలి. అందుకే సుగ్రా మోకాళ్ళ నొప్పులతో మూడు గంటలు కొండెక్కి వచ్చింది. ముందు కొడుకు, వెనక కర్ర పోటేసుకుంటూ బాబాయి మెహదీ.

సరస్సు ఎప్పట్లాగే నీలంగా, ఎవరి గొడవా పట్టనట్టుగా ఉంది. పైన మంచు కరిగి రాళ్ళ సందుల్లోంచి సన్నగా దిగుతోంది. లాహోర్ టూరిస్టులు నలుగురు ఒడ్డున బిర్యానీ డబ్బాలు విప్పి, ఫోన్లు పైకెత్తి, "స్వర్గం, స్వర్గం" అని మురిసిపోతున్నారు. ఆ స్వర్గాన్ని ఈ ఊరివాళ్ళు వీపుల మీద మోసుకొచ్చారని వాళ్ళకెవరు చెప్తారు? ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఇక్కడ ఉన్నవి రాళ్ళే. ఊరి మగవాళ్ళు ఒక కొండ నుంచి మగ మంచు, ఇంకో కొండ నుంచి ఆడ మంచు బుట్టల్లో తెచ్చి, పైనున్న గుహలో బొగ్గూ పొట్టూ కప్పి పెళ్ళి చేశారు. ఆ సంసారం పెరిగి పైన అంత మంచూ, కింద ఈ సరస్సూ అయింది. బార్లీ చేలూ, ఖుబానీ పళ్ళ చెట్లూ దీని చలవే. ఇప్పుడు పై ఊరి చేలు ఎండిపోతున్నాయని రేపు మరో పెళ్ళి.

మోసేవాళ్ళకి నియమాలు రెండే. దారిలో బుట్ట దించకూడదు. గుహ చేరేదాకా నోరు విప్పకూడదు. ఒక్క మాట పడిందా, మంచు చచ్చిపోతుంది.

ఆనాటి మోతలోనే సుగ్రా తండ్రి యాకూబ్ పోయాడు. అప్పుడామెకు నాలుగేళ్ళు. మంచు పగులులో పడ్డాడనీ, పడగానే ప్రాణం పోయిందనీ ఊరు చెప్పింది. ఆమెను పెంచింది, పెళ్ళి చేసింది, పురుడు పోయించింది బాబాయే. కుర్రాళ్ళకు నియమాలు నేర్పే పెద్ద కూడా ఆయనే.

సుగ్రా వంగి దోసిలి నింపుకుంది. మెహదీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు తల్లీ. తాగకు."

"ఏం బాబాయ్, టూరిస్టులు కాళ్ళు కడిగారా ఇందులో?"

ఆయన నవ్వలేదు.

"మీ నాన్న పడగానే పోలేదమ్మా."

నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

"అదిగో, ఆ గట్టు మీద." కర్ర ఎత్తి చూపించాడు. "అక్కడ అప్పటికే పాత మంచుండేది. అందరూ మలుపు తిరిగిపోయారు. వెనక మేమిద్దరమే. అన్నయ్య ముందు, నాలుగడుగుల్లో నేను. మంచు మీద పగులు గీత నాకు కనపడింది. అన్నయ్యకి కనపళ్ళేదు."

"మరి చెప్పలేదా?"

"నోరు విప్పకూడదు కదా."

సుగ్రాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తన చెయ్యి విడిపించుకుంది.

"పడ్డాక పిలిచాడు. 'మెహదీ, ఒరే మెహదీ, తాడెయ్యరా' అని. పలికితే మంచు చస్తుంది, ఊరు ఎండిపోతుంది అనుకున్నా. పలకలేదు. గుహకెళ్ళి బుట్ట దించి, అప్పుడు అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చా. అప్పటికి పిలుపు ఆగిపోయింది."

కోపం రావాలి, రాలేదు. ఏడుపూ రాలేదు. చిన్నప్పుడు తన తలకు నూనె రాసిన చేతులివే. ఆ చేతుల్ని చూడలేక సరస్సు కేసి చూసింది. చూస్తూ చూస్తూ ఉలిక్కిపడింది.

"నాన్న గట్టిగా అరిచాడా?"

"కొండంతా మోగింది."

"మాట పడిందిగా మరి. మంచు చావలేదే?"

మెహదీ ఉన్నచోటే కూలబడ్డాడు.

"మూడో ఏడు మంచు పెరిగిందని ఊరంతా గంతులేశారు. నేను ఇంటి వెనక్కి పోయి వాంతి చేసుకున్నా."

"తెలిసి కూడా పిల్లలకి అదే నేర్పావా?"

"ఏమని చెప్పను తల్లీ? చెప్తే అన్నయ్య ఊరికే పోయినట్టవుతుంది."

అవతలి ఒడ్డున తకీ టూరిస్టుల కోసం మంచు అంచున నిలబడి ఫోటోలు తీస్తున్నాడు. సుగ్రా లేచి, గొంతు చించుకుని పిలిచింది.

"తకీ!"

"ఏంటమ్మా?"

"తకీ!"

"ఇక్కడే ఉన్నాగా! ఏమైందే నీకు?"

టూరిస్టులు తిరిగి చూశారు. సుగ్రా వాళ్ళను లెక్కచెయ్యలేదు. కొడుకు రెండుసార్లూ పలికాడు, ఆమెకు అది చాలు.

వంగి దోసెడు నీళ్ళు తాగి, "వాణ్ణి పంపిస్తాను" అంది బాబాయితో. "కానీ సాయంత్రం మోసేవాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. పగులు కనపడితే అరవమను. ఎవడైనా పిలిస్తే పలకమను."

మెహదీ ఏమీ అనలేదు.

"ఇప్పుడు కూడానా బాబాయ్? పలుకు."

ముసలాయన కర్ర మీద బరువు మోపి లేచాడు. ఆమె వైపు కాక, ఎదురుగా ఉన్న గట్టు వైపు తిరిగాడు.

"ఆఁ," అన్నాడు, "వస్తున్నా అన్నయ్యా."