బ్యాంకు గుర్తుపట్టే ముఖం

నాకు ముక్కు మీద కోపమని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. జిప్పు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు ముందు గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని మా ఆయన్ని సైగతో అడుగుతారు. అలాంటిదాన్ని, బతుకులో కోపం నిజంగా అవసరమైన ఒకే ఒక్క రోజున ఆ కోపం ఎటు పోయిందో పోయింది.

సంగతేమిటంటే, నేను పందొమ్మిదేళ్ళుగా కుట్టుమిషను పెట్టుకున్న గదిని ఓనరు అమ్మకానికి పెట్టాడు. వీధిలోకి ఒక కిటికీ, కిటికీ కింద మిషను, గోడకి మా ఆయన కొట్టిన పన్నెండు మేకులు, వాటికి వేలాడే సగం కుట్టిన బట్టలు. గదంటే అంతే. పక్కన ఫోన్ కవర్లు అమ్మే ఆయన దాన్ని కొని, మధ్య గోడ పగలగొట్టి తన కొట్టులో కలిపేసుకుందామని కాచుకుని ఉన్నాడు. ఓనరు మంచివాడే. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా బయానా తన ఖాతాలో పడితే గది నాదేనని, లేకపోతే పక్కాయనదని ముందుగా నాకే చెప్పాడు. బయానాకి సరిపడా డబ్బు నా దగ్గరుంది. ఒక్కో జిప్పు, ఒక్కో అంచు కుట్టి కూడబెట్టింది. డబ్బయితే ఉంది గానీ, బ్యాంకే లేదు.

అంటే ఉంది, ఫోనులో. వీధి చివర ఉండే బ్రాంచిని ఎనిమిది నెలల కిందట ఎత్తేశారు. అక్కడ మూడో కౌంటరు దగ్గర ఒక క్యాషియరు గారుండేవారు. ఇరవై ఏళ్ళు డబ్బు వేసినా తీసినా ఆయన దగ్గరే. ఏ కాగితమైనా నా వైపు తోసే ముందు, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవారు. నేను దాని పక్కన సంతకం గీకేదాన్ని. పైన ఏం రాసుందో ఏనాడూ చదవలేదు. నేనే కాదు, వీధంతా అంతే. ఆయన గుర్తు పెట్టారంటే ఇంక చదవడానికేముంది?

బ్రాంచి మూసేస్తారని మాట పుట్టిన కొత్తలో ఒక రోజు అందరినీ పిలిచారు. ఇకమీదట డబ్బు పంపాలంటే ఫోను మన ముఖం చూసి గుర్తుపట్టాలట, అందుకని ఫోటో తీస్తారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అద్దం అవతల ఉన్నది క్యాషియరు గారే కాబట్టి ఆయన్నే పట్టుకుని దులిపేశాను. ఫోను కిందపడితే నా డబ్బు కూడా పగులుతుందా అని వీధంతా వినేలా అరిచాను. మిగతావాళ్ళు ఫోటోలు దిగడానికి నా వెనక బుద్ధిగా వరసలో నిలబడ్డారు. ఆయన ముందుగా నా ఫోటో తీసి, నాలుగు కాగితాల మీద పెన్సిలు గుర్తులు పెట్టారు. నేను అరుపు ఆపకుండానే నాలుగు సంతకాలూ గీకి వచ్చేశాను.

బ్యాంకు దగ్గర నిలిచిపోయింది ఆ ముఖమే. కళ్ళు ఎర్రగా, కనుబొమలు ముడిపడి, నోరు సగం తెరుచుకుని. నేను ఈ ఎనిమిది నెలలూ డబ్బు మెషిన్లోంచి నాలుగు నోట్లు తీసుకుని నెట్టుకొచ్చాను గానీ ఫోనులో బ్యాంకు జోలికి పోలేదు.

శుక్రవారం పొద్దున లేచేసరికే గది నాదైపోయినంత సంబరంగా ఉంది. డబ్బు పంపబోతే ఫోను ముఖం చూపించమంది. చూపించాను. ఈ ముఖం ఖాతాదారుది కాదంది. ఇంకో రెండుసార్లు తప్పితే వారం రోజులు ఖాతాకి తాళం వేస్తానని కూడా చెప్పింది. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని ఫోనునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నువ్వు నవ్వుతున్నావు, అది నిన్ను ఇలా ఎప్పుడూ చూడలేదు పాపం అన్నాడు. మామూలు రోజైతే ఆ మాటకి ఆయన పని అయిపోయేది. ఆ రోజు ఇంకా నవ్వొచ్చింది.

మెషిన్లో తీద్దామంటే రోజుకి ఇంతేనని హద్దు పెట్టారు, ఆ లెక్కన బయానా చేతికి రావడానికి పద్దెనిమిది రోజులు. బ్యాంకు నంబరుకి చేస్తే, నా కాల్ వాళ్ళకి ఎంతో ముఖ్యమని ఒక రికార్డు గొంతు నలభై నిమిషాలు చెప్పింది. ఇంకో రోజైతే ఫోను కిటికీలోంచి వీధిలో పడేది. ఆ రోజు మాత్రం, ఆ పిల్ల పొద్దుటినుంచీ ఒకే మాట చెప్పి ఎంత అలిసిపోయిందో అని జాలేసింది.

ఇంక ఇంటిల్లిపాదీ నాకు కోపం తెప్పించే పనిలో పడ్డారు. మా ఆయన ఊరికే కుర్చీలో కూర్చుని కూడా నాకు కోపం తెప్పించగల మనిషి. అలాంటివాడు తడి తువ్వాలు తెచ్చి ఇస్త్రీ బట్టల మీద పరిచాడు. లాభం లేకపోయేసరికి నా కత్తెర తీసి పేపరు కోశాడు. బట్ట కోసే కత్తెర కాగితానికి తగిలితే కుట్టుపని చేసేవాళ్ళెవరూ ఊరుకోరు. నేను పోనీలే, సాన పట్టిద్దాం అన్నాను. ఆయన భయపడిపోయి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

ఆడపడుచుకి కబురు పెడితే రెక్కలు కట్టుకుని వాలింది, చేతిలో పెద్ద చీటీతో. నా గురించి పాతికేళ్ళుగా కడుపులో దాచుకున్నవన్నీ రాసుకొచ్చింది. నా నడక, నా గొంతు, నా వంట, తన పెళ్ళికి ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా నేను కుట్టిచ్చిన జాకెట్టు. చదివేకొద్దీ ఆమె మొహం తేటపడింది. చివరికి నన్ను కావలించుకుని, ఇప్పటికి ప్రాణం తేలికపడింది వదినా అని ఏడ్చేసింది. నాకు నవ్వాగలేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన తొందరపడి ఫోను నా ముఖానికి పట్టాడు. రెండో ప్రయత్నం కూడా పోయింది.

మూడున్నరయింది. పక్క కొట్టాయన టేపు పట్టుకుని వచ్చి, మా గోడ కొలుచుకుని వెళ్ళాడు. అప్పుడైనా కోపం రావాలి కదా. ఏడుపొచ్చింది. ఈ కిటికీ వెలుతురులో సూదిలో దారం ఎక్కించడం తప్ప నాకింకేం చేతకాదు, రేపటినుంచి ఎక్కడ కూర్చోవాలి అనుకున్నాను. మా ఆయన చెప్పులేసుకుని వెళ్ళి, క్యాషియరు గారిని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆయన చిక్కిపోయారు. బ్యాంకు ఇప్పుడాయన్ని ఇల్లిల్లూ తిప్పుతోందట, ఫోనులో బ్యాంకు వాడటం నేర్పమని. కొత్త ముఖం ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందంటే ఏడు పనిదినాలన్నారు. గడియారంలో మూడూ నలభై ఎనిమిది. ఆయన నన్ను చూశారు, గోడకున్న మేకులు చూశారు. భుజానున్న సంచీ అడుగునుంచి మడతలు నలిగిన ఒక కాగితం తీసి బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టారు.

"ఇది చదవండమ్మా," అన్నారు. "ఈసారి చదవండి."

చదివాను. ఈ వీధి ఖాతాదారులమైన మాకు బ్రాంచికి రావడం కష్టంగా ఉన్నందున, దాన్ని మూసివేయవలసిందిగా మేమే కోరుకుంటున్నాము అని రాసుంది. కింద వీధిలో అందరి సంతకాలూ ఉన్నాయి. అన్నిటికన్నా పైన నాది. ఆ రోజు గీకిన నాలుగింటిలో ఒకటి. పక్కనే, చెరపడం మరిచిపోయిన పెన్సిలు గుర్తు.

"ఇందులో ఏముందో ఆ రోజే మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసమ్మా. సంతకాలు తెస్తే నా ఉద్యోగం ఉంచుతామన్నారు. మీరెవరూ చదవరని కూడా తెలుసు. అందుకే గుర్తు పెట్టాను."

ఆ అరికాలి మంట మళ్ళీ నెత్తికెక్కింది. అంతమందిలో బ్రాంచి కోసం అరిచింది నేనొక్కదాన్నే. అరుస్తూనే మూసేయమని అందరికన్నా ముందు రాసిచ్చిందీ నేనే. ఇరవై ఏళ్ళు నేను నమ్మింది బ్యాంకుని కాదు, ఆ పెన్సిలు గీతల్ని. తిట్టడానికి నోరు సగం తెరిచాను. ఆ సమయంలో క్యాషియరు గారు తల వంచుకునే నా ఫోను తీసి నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు.

"ఖాతాదారుని గుర్తించాము. స్వాగతం," అంది ఫోను.

డబ్బు వెళ్ళిపోయింది. మూడూ యాభై ఆరుకి ఓనరు ఫోను చేసి, అందిందమ్మా, గది నీదే అన్నాడు. ఆడపడుచు చప్పట్లు కొట్టబోయి నా మొహం చూసి మానేసింది. క్యాషియరు గారు సంచీ తగిలించుకుంటూ, తిట్టాలనిపించినప్పుడు కబురు పెట్టండమ్మా, వస్తాను అన్నారు. నేనాయన్ని తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. ఆ కాగితం మాత్రం తిరిగివ్వలేదు. ఆయనా అడగలేదు.

అదిప్పుడు మిషనుకి ఎదురుగా పన్నెండో మేకుకి వేలాడుతోంది. గది తాలూకు మిగతా వాయిదాలు, పన్ను, కరెంటు, దారాలాయన బాకీ, అన్నీ ఫోనులోనే పంపుతున్నాను. నవ్వు ముఖం ఒకటి కొత్తగా ఎక్కించుకోరాదా, ఏడు రోజులేగా అంటాడు మా ఆయన. అక్కర్లేదన్నాను. పంపే ముందు ఒక్కసారి తలెత్తి ఆ పెన్సిలు గుర్తు చూస్తాను. నువ్వెవరో తెలియదని ఫోను ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు.